ముళ్లకంచె, నక్కల పాట

మంచు పాలనురగలా కమ్ముకునే మడుగొకటి ఉండేది. ఆ ఒడ్డున బాతులుండేవి, వాటికి కాపలా ఒక తీతువు పిట్ట. ఏటా తొలిమంచు దిగిన వేకువన నక్కలు వచ్చిపడి, అందిన బాతునల్లా ఎత్తుకుపోయేవి. ఏటా బాతులు కంచెకు ఇంకొన్ని తుమ్మముళ్లు చేర్చేవి. అయినా వచ్చే నక్కలు ఏటికేడు పెరుగుతూనే ఉన్నాయి.

తీతువుకు నక్కల గోళ్ల పొడవు తెలుసు, వచ్చే దారులు తెలుసు. ఎందుకొస్తాయో మాత్రం తెలియదు.

"గుట్ట మీద అవి పాడుకునే పాట ఒక్కసారి విని వస్తాను పెద్దయ్యా," అంది.

"ఆ పాడు పాట మనకెందుకే? చెవులు మైలపడతాయి. నువ్వు ముళ్లు చూసుకో, చాలు," అన్నాడు ముసలి బాతు.

తీతువు వెళ్లి వింది. ముళ్లు గుచ్చుకుని నెత్తురోడుతూ నక్క తెచ్చిన బాతునే, అవి కొలిచే మంచుతల్లి నైవేద్యంగా ముట్టుకుంటుందట. ఎన్ని ముళ్లు గుచ్చుకుంటే అంత పుణ్యమట. తీతువుకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ కంచె పేరుతో నక్కలకు గుడి కట్టిపెట్టింది తామే!

ముసలి బాతు ఎంత తిట్టినా వినకుండా, ముక్కుతో ఒక్కో ముల్లూ పీకి నీళ్లలో వదిలేసింది.

తొలిమంచులో నక్కలు తేలుతున్నట్టు వచ్చాయి. ఒడ్డంతా వెతికాయి. ఒక్క ముల్లూ దొరకలేదు. బాతుల వంక చూడనైనా చూడకుండా, తలలు వేలాడేసుకుని మంచులో కలిసిపోయాయి.

"నక్కల పాట వచ్చినవాళ్లు మనలో ఉండకూడదు," అని ముసలి బాతు తీతువును వెళ్లగొట్టాడు. ఆ పూటే కంచె మళ్లీ వేయించాడు, ఈసారి రెండు వరసలు.

గుట్ట దాటి ఎగిరిపోతున్న తీతువుకు కింద నక్కలు సంబరంగా పాట అందుకోవడం వినిపించింది.