కాలు తీసినా ఆగని మిషన్

"ఎడమా, కుడా?" పక్క కుర్చీలో ఆవిడ అడిగింది.

"ఎడమండి," అంది ఆమె.

"నాదీ ఎడమే," అంది ఆవిడ, ఒకే ఊరివాళ్ళు తారసపడినంత చనువుగా. ఆమె ఒళ్ళో పాపని చూసి నాలుక చప్పరించింది. "ఇంకా పాలు మానని పిల్ల. ఏం కర్మమ్మా నీకు."

ఆమె పాప జుట్టు సవరించింది. నోరు తెరిస్తే మాటకన్నా ముందు ఏడుపొచ్చేలా ఉంది.

ఆవిడ అంతటితో వదల్లేదు. "మా ఆయన నన్ను గేటు దగ్గర దింపేసి పోతాడు. ఈ హాల్లోకి రావాలంటే మహా నామోషీ. మీ ఆయన నయం. ఇంతమంది ఆడవాళ్ళలో ముళ్ళ మీద కూర్చున్నట్టయినా కూర్చున్నాడు."

అవతల కుర్చీలో ఉన్న భర్తకి ఆ మాట వినబడింది. చెవులు ఎర్రబడ్డాయి. నేల గచ్చులో ఏదో పోగొట్టుకున్నవాడిలా కిందికే చూస్తూ ఉండిపోయాడు.

ఇద్దరిదీ దర్జీ పని. ఉన్నది ఒకటే గది. ఆయన కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది. వేసవి మొదట్లో ఒకరోజు పాపని గుండెల మీద పడుకోబెట్టుకుంటే ఎడమవైపు చురుక్కుమంది. తడిమితే బఠాణీ గింజంత గడ్డ. "కొవ్వు గడ్డే, అదే కరిగిపోతుంది," అన్నాడు మందుల షాపతను. ఆ మాట పట్టుకుని వేసవంతా నెట్టుకొచ్చారు. పెద్దాసుపత్రికి పోదామని ఒకరంటే, తెలిస్తే నలుగురూ ఏమంటారోనని ఇంకొకరు. సిగ్గు ఎంత పని చేయాలో అంత పనీ చేసింది. బఠాణీ గింజ గోలీకాయంత అయ్యాక గానీ కదల్లేదు.

టోకెన్ పిలవగానే ఇద్దరూ లేచారు. తలుపు దగ్గర ఆయా చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబూ, మగవాళ్ళు బయటే. లోపల ఆడవాళ్ళు బట్టలు మార్చుకుంటుంటారు."

ఆయన ఏదో అనబోయాడు. హాలు హాలంతా ఇటే చూస్తోంది. మాట మింగేశాడు. "నువ్వెళ్ళు ముందు," అని పాపని అందుకుని కుడి భుజాన వేసుకున్నాడు.

లోపల డాక్టరు పెద్దావిడ. రిపోర్టులు తిరగేసి, కళ్ళజోడు మీది నుంచి చూసింది.

"మీవారేరమ్మా?"

"బయటున్నారండి. ఆయా రానివ్వలేదు."

"భయస్థుడా?"

"పైకి కనపడనివ్వరండి. నిద్ర మాత్రం పోవట్లేదు."

"అయితే ముందు నీకే చెబుతాను. గడ్డ మంచిది కాదు. క్యాన్సరే."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. డాక్టరు గొంతు తగ్గించింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులని ఉంటాయి. కొన్ని పెరగమంటాయి, కొన్ని ఇక చాల్లే ఆగమంటాయి. ఇక్కడ పెరగమనే జన్యువొకటి అదుపు తప్పింది. రెండు ఉండాల్సిన చోట బోలెడు నకళ్ళు పుట్టుకొచ్చాయి. అన్నీ కలిసి పెరుగు పెరుగు అని ఒకటే పోరు. వినక కణం మాత్రం ఏం చేస్తుంది?"

ఆమె ఎనిమిదిలో బడి మానేసింది. ఈ పాఠం ఆ పై తరగతుల్లో ఉండి ఉంటుంది.

"మా మిషన్‌కి ఒకసారి పెడల్ ఇరుక్కుపోయిందండి," అంది మెల్లగా. "కాలు తీసినా ఆగలేదు. ఎవరిదో కొత్త గౌను, ఇష్టమొచ్చినట్టు కుట్టేసుకుంటూ పోయింది. మావారు పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశారు. దీనికి ప్లగ్గు ఎక్కడుంటుందండి?"

డాక్టరు నవ్వలేదు. "ఆ జన్యువు పోరు తగ్గించే మందుంది. చాలామందికి పనిచేస్తుంది. అందరికీ అని చెప్పలేను. రొమ్ము మాత్రం తీసేయాల్సి వస్తుంది."

"తీసేయండి. మనిషి మిగిలితే చాలు." రిపోర్టుల వైపు చూస్తూ, "నా వంటలో ఏమన్నా తేడా వచ్చిందాండి?" అని అడిగింది.

"ఎవరి తప్పూ కాదమ్మా."

"పాపకి?"

"ఈ తేడా ఆ గడ్డలోనే పుట్టింది. పాపకి రాదు. కానీ ఇంత చిన్న వయసులో, అందులోనూ ఇలా వచ్చిందంటే, వంశంలో ఇంకేమైనా ఉందేమో చూడాలి. ఆ పరీక్ష వేరే."

బయట పాప ఏడుపందుకుంది. ఆ ఏడుపుకి ఆమె జాకెట్టు తడిసింది. గబుక్కున పైట సర్దుకుంది.

"పాప ఇంకా పాలు తాగుతోందండి," అంది, ఆ మాట చెబితే జబ్బు జాలిపడి పోతుందన్నట్టు.

డాక్టరు కలం మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"మీవారిని పిలువమ్మా. గడ్డ ఎంతవరకు పాకిందో ఒకసారి చూస్తాను."

ఆయా తలుపు వదల్లేదు. "పరీక్ష చేసేటప్పుడు మగాయన ఎందుకమ్మగారూ?"

"రానివ్వు," అని డాక్టరు లేచి, మూలనున్న పరీక్ష బల్ల చుట్టూ పరదా లాగింది.

ఏడుస్తున్న పాపని ఆమె చేతికిచ్చి, ఆయన పరదా వెనక బల్లెక్కి, తల దించుకుని చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పసాగాడు.