పన్నెండో చెట్టు

సెయింట్ హెలెనా దీవి కొండకొమ్మున ఒక అరుదైన జాతి చెట్లు పదకొండే మిగిలాయి. అన్నీ ఒకే తల్లి సంతతి కావడంతో ఏటా తాలుగింజలే ఎక్కువ. కొత్త చెట్టు ఒక్కటైనా దొరక్కపోతే జాతి అంతరించినట్టే.

ఎండ తగిలితే కాయలు పగిలిపోతాయి కనుక మెర్లీన్ రాత్రివేళే కోస్తున్నది. ఏ చెట్టు గింజలు ఆ చెట్టు సంచిలోనే పడాలని, ఆమె చెట్టు సంఖ్య చెబితే బేసిల్ మామ పొగమంచులోంచి తిరిగి పలకడం వారి అలవాటు.

"పదకొండు!"

"పదకొండు," అన్నది గొంతు.

అంతలో వెనుక కాలిబాట మీద బేసిల్ రొప్పుతూ వచ్చాడు. "లైటు కోసం బండి దగ్గరికెళ్లి గంటయిందే పిల్లా! ఒక్కదానివే ఎవరితో, పొగమంచుతో పెళ్లిమాటలా?"

మెర్లీన్ గొంతు వచ్చిన వైపు తిరిగింది. కొండ అంచుకు అవతల, నేలే లేని చోటినుంచి, ఆ గొంతు మెల్లగా పలికింది.

"పన్నెండు."

"పద, దిగిపోదాం," అంటూ బేసిల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

మెర్లీన్ ఆ చెయ్యి విడిపించుకుని, కొత్త సంచి తెరిచింది.