గడువు దాటిన అతిథి

"చెవులు కనిపించడం లేదు," అన్నాడు నమోదు అధికారి, ఫొటోను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

బల్లకు ఇవతల కూర్చున్న విదేశీ యువతి గబగబా జుట్టు వెనక్కి తోసి, తన చెవులు రెండూ చూపించింది.

"మీకున్నాయని తెలుస్తూనే ఉందమ్మా. ఫొటోకి లేవు."

ఆమె సంచిలోంచి మరో ఫొటో తీసింది. అందులో రెండు చెవులూ ఉన్నాయి. ఒక అభ్యంతరం అంత తేలిగ్గా చేజారిపోవడం అధికారికి నచ్చినట్టు లేదు. పర్యాటక వీసా ఉన్న పేజీ తిప్పి, కాలెండరు మీద వేలు పెట్టి లెక్కించాడు.

"నూట ఎనభై రోజులకు మించి ఉండదలిస్తే ఆ గడువు లోపలే నమోదు చేయించుకోవాలి. ఇవాళ నూట ఎనభై ఒకటో రోజు. మీరిక బయలుదేరాలి."

"బయటికా?"

"దేశంలోంచి."

ఆమె ముఖం పాలిపోయింది. "నేను ఒత్తులు ఇప్పుడే మొదలుపెట్టానండీ," అంది. భాష నేర్చుకోవడానికే ఆమె అంత దూరం నుంచి వచ్చింది.

పక్క బల్ల దగ్గర టైపిస్టు చేతులు ఆగాయి. "దిగిన రోజు లెక్కలోకి రాదు కదా సార్. మొన్న ఆ ముసలాయనతో మీరే అన్నారు."

"అన్నానా?"

"పేజీ నంబరుతో సహా."

అధికారి నిబంధనల పుస్తకం తీసి, ఆ పేజీ రెండుసార్లు చదివాడు. "రాదు," అని ఒప్పుకున్నాడు, పన్ను పీకించుకుంటున్నవాడిలా. "చిరునామా?"

"దర్జీ గారి మేడ మీద గది."

ముద్ర పడింది.

"మీరు బదిలీ మీద వచ్చి ఆరు నెలలు దాటింది సార్," అంది టైపిస్టు. "మొదటిసారికే పని పూర్తయి వెళ్తున్నది ఈవిడొక్కతే."

"నిబంధన రబ్బరు కాదమ్మాయ్, లాగినకొద్దీ సాగడానికి."

యువతి మాత్రం లేవలేదు. నాలుగు మడతల కాగితమొకటి బల్ల మీద పెట్టింది. నివాసం గురించి ఎవరు ఏ సందేహం రాసిచ్చినా, అదే రోజు సంతకంతో, ముద్రతో జవాబివ్వడం ఆ కార్యాలయంలో పద్ధతి. ఆ పద్ధతి ప్రవేశపెట్టింది తానేనని అధికారి అడగనివారికి కూడా చెప్పేవాడు.

"ఇది నా సందేహం కాదు. నాకు పాఠాలు చెప్పే టీచరమ్మది. ఆవిడ చెబితే నేను రాశాను."

"ఆవిడకు రాయడం రాదా?"

"నాకు అభ్యాసం అవుతుందన్నారు."

పలక మీద దిద్దినట్టున్న అక్షరాలను అధికారి కూడబలుక్కుని చదివాడు. "మా ఇంటికి వారం రోజులకని వచ్చిన అతిథి ఆరు నెలలైనా కదలడం లేదు. ఎనభై ఏళ్ల మా అత్తగారు తన గది వదులుకుని హాల్లో పడుకుంటున్నారు. ప్రభుత్వ అనుమతితోనే ఈ ఊళ్లో ఉంటున్నానన్నది అతిథిగారి వాదన. పంపడానికి నాకు హక్కుందా?"

అతను టైపిస్టు వైపు వంగి గొంతు తగ్గించాడు. "టీచరమ్మట! ఆ దర్జీ ఇంటివాళ్లే అయ్యుంటారు. ఎవరి శిక్ష వాళ్ల చేతే రాయించారు, చూశావా?"

"పాపం, ఏం రాసిందో ఆ పిల్లకి తెలిసినట్టు లేదు. కాస్త మెత్తగా జవాబివ్వండి సార్. ఈ ఊళ్లో ఎక్కడికి పోతుంది?"

"పెద్దావిడ హాల్లో పడుకుంటుంటే గది ఆక్రమించుకుని దర్జాగా నిద్రపోయేవాళ్ల మీద జాలా? మనిషన్నాక కాస్త ఇంగితం ఉండాలి. ఊఁ, కొట్టు." అతను కుర్చీలో వెనక్కి వాలి చెప్పసాగాడు. "ప్రభుత్వమిచ్చే అనుమతి దేశంలో ఉండడానికే గాని, ఒకరి ఇంట్లో ఉండడానికి కాదు. వారానికని వచ్చినవారికి ఎనిమిదో రోజు నుంచే గడువు మీరినట్టు. ఇంటి యజమానురాలు వారి సామాను బయట పెట్టించవచ్చు. స్నేహం, బంధుత్వం, మొహమాటం, వీటిలో దేనికీ మినహాయింపు లేదు."

"విదేశీయురాలికి బంధుత్వమేమిటి సార్?"

"ఏ సందూ వదలకూడదమ్మాయ్."

సంతకం చేశాడు. ముద్ర వేశాడు. యువతి ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదువుకుంది. ముఖం వెలిగిపోయింది.

"చాలా బాగుంది! టీచరమ్మ సంతోషిస్తారు."

టైపిస్టు ముఖం పక్కకు తిప్పుకుంది.

సాయంత్రం ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ అధికారి చెల్లెలి ఇంటి గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. వరండాలో ఆ యువతే కనిపించింది, ఒళ్లో నోటుపుస్తకంతో. పక్కన చెల్లెలు ఎర్ర సిరాతో తప్పులు దిద్దుతోంది. స్తంభం నీడలో ఒక పెట్టె. దాని మూత మీద, తను సంతకం చేసిన జవాబు నాలుగు మూలలా నీటుగా అంటించి ఉంది.

"దర్జీ అప్పుడే గెంటేశాడా?" అన్నాడతను.

యువతి "గెంటేశాడా" అన్న మాటను పుస్తకంలో రాసుకుంది.

"నువ్వా ఆ టీచరమ్మవి? జాలిపడి ఇక్కడ ఉండమనేవు సుమా," అన్నాడు చెల్లెలితో. "ఈ ఇంట్లో చోటేదీ?"

"నేనూ అదే అంటున్నానన్నయ్యా."

"కాగితం మీద రాసిచ్చాక మాట మార్చే మనిషిని కాను నేను."

"మార్చవు. అది నాకు తెలుసు."

లోపల ఎవరో మంచం జరుపుతున్న చప్పుడయింది.

నిబంధన గెలిచిన పూట అధికారికి ఔదార్యం కూడా కలిగేది. "పెట్టె బరువుగా ఉన్నట్టుంది. వీధి చివరిదాకా నేను తెచ్చిపెడతాను, పదమ్మా," అంటూ వంగాడు. విరిగిన పిడికి చుట్టి ఉన్న ఎర్రటి ఫైలు నాడా అతని చేతికి తగిలింది.

ఆ పెట్టె అతనిదే.