కొమ్ము

“అది ‘పు’ కాదండీ, ‘ప’,” అంది పంతులమ్మ.

డబ్బింగ్ థియేటర్లో అందరూ ఆమె వైపు తిరిగారు. అద్దం అవతల మైకు ముందు గొంతు సవరించుకుంటున్న కళాకారుడు కూడా సవరింపు ఆపేశాడు.

“ఒక్క కొమ్ము లేకపోతే కొంపలేం మునుగుతాయమ్మా?” అన్నాడు దర్శకుడు నవ్వుతూ.

మునగవా మరి! తెర మీద నిలబడ్డ మనిషి ఆయన సొంత తాత, అమ్మకి నాన్న. చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఎదురుగా తుపాకులు. పక్కన కుర్చీలో దొర. తాత మూడు ముక్కలు అంటాడు, పొగ లేస్తుంది, పడిపోతాడు. అంతే బొమ్మ. మూకీ. ఎదురు తిరిగితే ఇదీ గతి అని చెప్పడానికి దొరలే తీయించి, ఊరూరా డేరాలు వేసి చూపించారు. చూసిన జనం భయపడలేదు సరికదా, ఆ పెదాల మీద “మళ్ళీ పుడతా దొరా” అని చదువుకుని ఛాతీలు విరుచుకుని బయటికొచ్చారు. ఆ మాట విగ్రహం కిందికెక్కింది, బళ్ళో పాఠానికెక్కింది, ఇప్పుడు మనవడు తీస్తున్న సినిమాకి పేరైంది. దొరలు తీసిన బొమ్మలో మన గొంతు పెడుతున్నానని ఆయన చెప్పని పేపరు లేదు.

వెనక సోఫాలో అమ్మ కూర్చుంది. ఎనభై దాటాయి. నాన్న ఇల్లు దాటి వెళ్ళేనాటికి ఆవిడ పాలు తాగే పిల్ల. “మా నాన్న గొంతు ఎలా ఉండేదో ఒక్కసారి వినిపించరా, చాలు” అని రెండేళ్ళుగా కొడుకు ప్రాణం తీస్తోంది. ఆ గొంతు పెదాలకి అతుక్కున్నట్టు కుదరాలనే పంతులమ్మని పిలిపించాడు. చెవిటి పిల్లల బడిలో పనిచేస్తుందామె. పదో ఏట తనకీ వినికిడి పోయింది. మనం పేపరు చదివినట్టు ఆమె పెదాలు చదివేస్తుంది.

“ప, బ, మ మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయని పొద్దున మీరే అన్నారుగా?” అన్నాడు దర్శకుడు, ఆమెకి ఎదురుగా తిరిగి.

“అన్నాను. మూడింటికీ పెదాలు మూసుకుంటాయి. కొమ్ము అలా దాక్కోదండీ. కొమ్ముంటే మూతి సున్నాలా ముడుచుకోవాలి. ఈయన నోరు విచ్చుకుంది.”

“అయితే ఇన్నేళ్ళూ చూసినవాళ్ళంతా కళ్ళులేనివాళ్ళా? కొమ్ములు తిరిగిన పండితులు పాఠం రాశారు!”

“వాళ్ళు చూసింది గీతలు పడ్డ పాత బొమ్మ. మీరు దొరల దేశం నుంచి తెప్పించిన ఈ కాపీ అద్దంలా ఉంది.”

దర్శకుడికి చిర్రెత్తుకొచ్చింది. “సరే, ‘పడతా’ అనే అనుకుందాం. తుపాకీ ముందు నిలబడ్డవాడు పడతా అనడంలో వింతేముంది?”

“వింత ఆ మాటలో లేదు. దాని ముందు మాటలో ఉంది.”

మళ్ళీ.

మళ్ళీ పడతా దొరా.



“కొట్టి పడేసి ఉంటారు. లేచి నిలబడి, ఇంకా కొట్టరా, మళ్ళీ పడతా అని ఉంటాడు,” అన్నాడు దర్శకుడు. ఆ మాట ఆయనకే బాగా నచ్చింది. “బొమ్మ వెనక్కి తిప్పు. దగ్గరికి తే. దెబ్బలు కనిపిస్తాయి, చూద్దాం.”

ఆపరేటరు తిప్పాడు. తాత తెర నిండా వచ్చాడు. ముఖం మీద ఒక్క దెబ్బ లేదు. వెతుకుతూ వెతుకుతూ దర్శకుడి చూపు కిందికి జారింది. తాత కాళ్ళ దగ్గర నేల మీద రెండు తెల్లటి గీతలు, ఇంటూ గుర్తులా. తాత తలొంచి వాటిని చూసుకున్నాడు. కుడికాలు అరడుగు జరిపి, సరిగ్గా వాటి మీద నిలబడి, అప్పుడు తలెత్తాడు.

దర్శకుడు ఆ గీతల్ని పోల్చుకున్నాడు. నటుడు ఎక్కడ నిలబడాలో తెలియడానికి రోజూ తన షూటింగులో సుద్దముక్కతో తానే గీసే గుర్తు అది.

అమ్మకి వీపు పెట్టి, గొంతు బయటికి రానివ్వకుండా, ఒట్టి పెదాలతో పంతులమ్మని బతిమాలాడు. “వెనక అమ్మ ఉంది. పుడతా అనే చెప్పండి. మీకు దండం పెడతాను.”

ఆమె ఆ పెదాలూ చదివింది. కళ్ళు చెమ్మగిల్లాయి. “పిల్లలకి అక్షరాలు దిద్దించేదాన్నండీ,” అంది పైకే. “లేని కొమ్ము పెట్టలేను.”

“ఒరేయ్,” అంది వెనక నుంచి అమ్మ. “ఏమిట్రా ఆ తెల్ల గీతలు?”

“ఏం లేదమ్మా. సున్నం పడుంటుంది.”

“మొన్న షూటింగులో హీరో కాళ్ళ దగ్గర నువ్వు గీశావే, అలా లేవూ?”

అమ్మ గోడ పట్టుకుని లేచి, తెర దాకా నడిచింది. దుమ్ముకొట్టుకుపోయిన తండ్రి మోకాలి మీద చెయ్యి వేసింది.

“అంటే ఇదంతా ఉత్తుత్తి కాల్పులా? మా నాన్నని చంపలేదా?” ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది. “చంపలేదన్న మాట! మా నాన్న బతికే ఉన్నాడన్న మాట!”

కొడుకు తల దించుకున్నాడు. అమ్మ చెయ్యి తెర మీదే ఉంది. ముఖంలో వెలుగు మాత్రం మెల్లమెల్లగా ఆరిపోయింది.

“మరి ఇంటికెందుకు రాలేదురా?”