సూదిబెజ్జమంత వెలుతురు

కుట్టించుకెళ్లిన తెరను చంకలో పెట్టుకుని ఆయన మళ్లీ దుకాణానికి వచ్చాడు.

అప్పుడే పొద్దు గూకింది. అక్క మిషను మీద ఉంది. తమ్ముడు గుడ్డ కొలుస్తున్నాడు. కిటికీ తెరలు కుట్టడం అక్క పని, ఇళ్లకు వెళ్లి వాటిని తగిలించడం తమ్ముడి పని.

"కుట్టు పక్క నుంచి వెలుతురు వస్తోందండీ," అన్నాడాయన.

తమ్ముడు తెరను దీపానికి అడ్డం పెట్టి చూశాడు. "సూదిబెజ్జమంత ఉంది. ఆ మాత్రానికే ప్రాణం పోతుందా?"

"పోతుంది," అన్నాడాయన నెమ్మదిగా.

అక్క పకపకా నవ్వింది. తలనొప్పి ఆమెను నవ్వనిచ్చి చాలాకాలమైంది. ముఖం ఎప్పుడూ కందిపోయినట్టుండేది, అరిచేతులు మండేవి. పొద్దస్తమానం మిషను తొక్కితే రాదా అని మందుల షాపాయన మాత్రలిచ్చి పంపేవాడు.

తర్వాత్తర్వాత ఆయన తెరల పని లేకపోయినా వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని, చూపు ఆనని ఆమెకు సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేవాడు. పగలంతా దాచుకున్న కబుర్లు ఆమె అప్పుడు విప్పేది.

తానెవరో ఆయన దాచలేదు. రక్తపిశాచినని ముందే చెప్పేశాడు. రెండొందల ఏళ్లు దాటాయట.

"బావా అనాలా, తాతా అనాలా?" తమ్ముడు ఎకసెక్కంగా అడిగాడు.

"నోర్మూసుకుని కొలతలు చూసుకో," అంది అక్క. అని సిగ్గుపడింది. నలభై దాటాక వచ్చిన సిగ్గు ఆమెకు బాగానే నప్పింది.

కసాయి దుకాణంలో దొరికేదానితో ఆయన కడుపు నింపుకుంటున్నాడనుకుని తమ్ముడు ఊరుకున్నాడు. అలా ఏళ్లు గడిచాయి.

ఒకరోజు అక్క జాకెట్టు చేతులు పైకి మడుచుకుని గుడ్డ తడుపుతుంటే మోచేతి మడతలో గాట్లు కనిపించాయి.

"ఏంటక్కా ఇది?"

"నేనే ఇచ్చాను."

"ఎప్పట్నించి?"

"చాన్నాళ్లుగా. ఇచ్చాక తేలిగ్గా ఉంటుందిరా. తలనొప్పి కూడా ఉండదు."

ప్రేమ గుడ్డిదని తమ్ముడు విన్నాడు కానీ మరీ ఇంత గుడ్డిదనుకోలేదు. అమ్మ పోయాక అమ్మై పెంచిన మనిషి. ఆమె రక్తం ఒకడు తాగిపోతుంటే తాను వాడికి తెరలు తగిలించి వచ్చాడు.

ఆ సాయంత్రం వీధి మలుపులోనే ఆయన్ని ఆపాడు.

"ఇంక మా గడప తొక్కొద్దు."

"నేను రాకపోతే మీ అక్కకే కష్టం, తమ్ముడూ."

"అక్కకా, నీ కడుపుకా?"

"ఒక్క మాట విను. ఆమె ఒంట్లో..."

"ఆమె ఒంటి సంగతి నీకెందుకు?"

ఆయన చేతులు జోడించాడు. తమ్ముడు తల తిప్పుకున్నాడు.

అక్కకు చెప్పి చూశాడు. బతిమాలాడు, తిట్టాడు, అన్నం మానేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. మళ్లీ ఆయన వచ్చాడు, మళ్లీ ఆమె చెయ్యి చాపింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తమ్ముడు నిచ్చెన భుజానేసుకుని ఆయన ఇంటికి వెళ్లాడు.

"తెర అంచు ఊడుతోందన్నారుగా, చూసి వెళ్తా."

"రా తమ్ముడూ," అని ఆయన ఎండ తగలకుండా తలుపు చాటున నిలబడి సంతోషంగా గడియ తీశాడు. కోపం తగ్గిందనుకున్నాడు పాపం.

ఆయన కుర్చీలో కూర్చున్నాక తమ్ముడు నిచ్చెనెక్కి, తెరను కడ్డీతో సహా లాగేశాడు.

ఎండ గదినిండా పడింది. ఆయన అరవలేదు. "ఆమెను డాక్టరుకి చూపించు," అన్నాడు. ఆ తర్వాత కుర్చీలో కోటు మాత్రం మిగిలింది.

చూపించడానికేముంది, పీల్చేసిన రక్తం మళ్లీ పడితే అక్క తనే కోలుకుంటుందనుకున్నాడు తమ్ముడు. దగ్గర కూర్చుని రక్తం పట్టే టానిక్కు తాగించాడు. కాలేయం కూర వండి పెట్టాడు. అక్క ఏమీ అడగలేదు. పెట్టింది తినేది, పోసింది తాగేది, పొద్దుగూకే వేళకు గుమ్మం వైపు చూసేది. ఆ చూపు తమ్ముడు భరించలేకపోయేవాడు.

ఆమె బుగ్గలు ఎర్రబడుతుంటే మాత్రం రక్తం పడుతోందని మురిసిపోయాడు.

చలికాలం వచ్చేసరికి ఓ ఉదయం ఆమె మిషను మీదే ఒరిగిపోయింది. ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి అతన్ని పిలిచింది.

"రక్తం తక్కువైందేమోనని టానిక్కు పట్టిస్తున్నానండీ," అన్నాడు తమ్ముడు.

"తక్కువేంటి? ఈవిడకున్న జబ్బే రక్తం ఎక్కువవడం. అవసరానికి మించి తయారవుతుంది, చిక్కబడుతుంది. అది గడ్డకట్టి మెదడుకు చేరింది."

"తీసేయొచ్చు కదండీ?"

"తీస్తున్నాం. కానీ ఇప్పుడు తీసినా పోయింది తిరిగి వస్తుందని చెప్పలేను. ఇది పాత జబ్బు. ఎప్పటికప్పుడు కొలిచినట్టు కొంచెం కొంచెం తీస్తూ ఉండాలి. ఎవరో తీస్తూనే వచ్చారు. మోచేతి మీద మచ్చలు చూశాను. అందుకే ఇన్నాళ్లు నిలబడగలిగింది."

తమ్ముడు తల తిప్పి చూశాడు. గాజు తలుపు అవతల అక్క కళ్లు తెరిచే ఉంది.

డాక్టరమ్మ కలం మూత తీసింది.

"ఎంత తీస్తే ఈవిడ తట్టుకుంటుందో ఆయనకే బాగా తెలుసు. ఇన్నేళ్లూ చూసిన ఆ డాక్టరెవరో, ఆయన్ని వెంటనే పిలిపించండి."