నున్నగా ఉంది

"అంటే పడవకు అరుగుదల మందు పూశావన్నమాట," అన్నాడు బావ.

రేవు గట్టు మీద నిలబడ్డ బామ్మర్దికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రంగుల కంపెనీలో కూర్చుని ఏళ్ళ తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని చేసిన రంగు అది. నీళ్ళలో నానే పడవ అడుగుకు పాచీ గుల్లలూ జిగురు వదిలి అతుక్కుంటాయి. రంగులో కలిపిన ఎంజైములు ఆ జిగురును విరిచేస్తాయి. అతుక్కోబోయింది కాస్తా జారిపోతుంది. కంపెనీ తొట్టిలో అంతా బాగానే ఉంది. ఇక సముద్రం ఏమంటుందో.

"మందే అనుకో బావా. కడుపులో అన్నం అరగదీసేవీ ఇలాంటివే."

"అయితే మీ అక్క వంటలోకీ ఓ డబ్బా పంపు."

"నాకు చెవులున్నాయి," అంది అక్క వెనక నుంచి. తమ్ముణ్ణి పక్కకు లాగింది. "ఒరేయ్, నీళ్ళలో మునిగి పడవల అడుగు గోకడమే కదరా మీ బావ బతుకు! అసలే ఈ మధ్య పనులు తగ్గాయి. నీ రంగు గెలిస్తే ఆయనేం గోక్కోవాలి?"

ఈ పడవ మీద రంగు నిలవకపోతే ఇంటికి పొమ్మని తమ్ముడికి కంపెనీ పెద్ద తేల్చి చెప్పేశాడు. అడుగు ఎలా ఉందో మునిగి చూసి చెప్పాల్సింది బావే. బామ్మర్దికి ఈత రాదు. స్నానానికి నిండు తొట్టి చూసినా జంకుతాడు.

గుల్లలు పట్టాయని బావ ఒక్క మాటంటే చాలు, బామ్మర్ది ఉద్యోగం సరి.

నెల తిరిగింది. "జనం చూస్తుంటే నాకు ఊపిరి నిలవదు, పొండి పొండి," అని అందరినీ తరిమేసి బావ పడవకు అవతలి పక్కకు వెళ్ళాడు. కాసేపటికి తల తుడుచుకుంటూ వచ్చాడు.

"నున్నగా ఉంది."

"ఒక్క గుల్లైనా లేదా బావా?"

"నీ బట్టతల మీద వెంట్రుకలున్నాయా? అదీ అంతే."

ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే మాట. ఎండలు పోయి వానలొచ్చాయి, నున్నగా ఉంది. పక్క పడవలకు గుల్లలు గుత్తులు గుత్తులుగా పట్టాయి, దీనికి మాత్రం నున్నగా ఉంది. తన పొట్ట తనే కొట్టుకునే మాట అంత తేలిగ్గా అనేస్తున్న మనిషికి బామ్మర్ది మనసులోనే దండం పెట్టుకునేవాడు.

చివరికి పడవను గట్టుకు లాగే రోజు వచ్చింది. కంపెనీ పెద్ద వచ్చాడు. అక్కా వచ్చింది. ఇనుప తాళ్ళు కిర్రుమన్నాయి. నీళ్ళు కారుతూ అడుగు పైకి లేచింది.

అద్దంలా ఉంది.

కంపెనీ పెద్ద చప్పట్లు కొట్టాడు. బామ్మర్ది పరిగెత్తి బావను కావలించుకున్నాడు.

"పని పోతుందని తెలిసీ ఒక్కసారైనా అబద్ధమాడలేదు బావా నువ్వు!"

బావ నోరు తెరుచుకుని పడవ అడుగునే చూస్తున్నాడు. దగ్గరికెళ్ళి అరచేత్తో తడిమాడు. మళ్ళీ తడిమాడు. నుదుటి చెమట తుడుచుకుని బామ్మర్ది చెవి దగ్గరికి వంగాడు.

"మెల్లగా అనరా, మీ అక్క వింటుంది, ఆ మధ్య కాలికి తాడు చుట్టుకుని చావు తప్పినప్పటి నుంచి నేను నీళ్ళలోకి దిగిందే లేదు, గుల్లలున్నాయంటే దిగి గోకమంటావని నున్నగా ఉందన్నాను."