బాల్కనీ ఫైలు

"ఆ టైలరమ్మ ఫైలు తియ్యవయ్యా. ఇప్పుడే, ఇప్పుడే!"

గుమాస్తా కళ్లజోడు వెతుక్కునేలోపే అధికారి తనే లేచి బీరువా దగ్గరికి నడిచాడు. పాత కట్టడాల పరిరక్షణ సంఘంలో పద్దెనిమిదేళ్లుగా దరఖాస్తులు పరిశీలిస్తున్న మనిషి. ఒక ఫైలు కోసం అతను కుర్చీలోంచి లేవడం ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. ఫైళ్లే అతని దగ్గరికి వచ్చేవి. వచ్చి, అక్కడే ఉండిపోయేవి.

పొద్దున్నే పైనుంచి ఫోను వచ్చింది. పెద్దసారు మధ్యాహ్నం రెండింటికి స్వయంగా వస్తున్నారు. ఆ ఒక్క ఫైలే చూస్తారట.

"రెండింటిలోగా దీని సంగతి తేల్చెయ్యాలి. లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు అధికారి.

గుమాస్తా టేబులు ఖాళీ చేశాడు.

ఫైలు విప్పగానే ఇంటి ఫోటో. నూట ముప్ఫై ఏళ్ల నాటి మేడ. వీధి వైపు పొడవాటి చెక్క బాల్కనీ, దాని మూలన ఒక కుట్టుమిషను. లోపలి గది అంతా కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లకిచ్చేసి, టైలరమ్మ తన మిషను బయట వేసుకుంది. వాళ్లలో ఒక్కరినీ బాల్కనీ మీద కాలు పెట్టనిచ్చేది కాదు.

దూలాలు పుచ్చిపోయాయి, తీసేసి ఇనుపవి వేసుకుంటాను, అనుమతి ఇప్పించండి అని రెండేళ్ల కిందట దరఖాస్తు పెట్టింది. వీధిలోంచి కనిపించే ఏ భాగాన్నీ సంఘం ఒప్పుకోనిదే ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఇంటికి సీలు వేస్తారు.

అధికారికేమో కొర్రీ వేయడమంటే ప్రాణం. వెనకాల అందరూ కొర్రీలాయన అనేవారు. అది తెలిసి కోప్పడకపోగా లోలోపల మురిసిపోయేవాడు.

ఇంటి ఫోటోలు మూడు వైపుల నుంచీ లేవని మొదటి కొర్రీ. తీయించి తెచ్చింది. పాత దూలం ఏ కలపో రాయలేదని రెండోది. వడ్రంగిని బతిమాలి రాయించి తెచ్చింది. ఇనుప దూలాలకు ఏ రంగు వేస్తారో నమూనా జతపరచలేదని మూడోది.

ఆ మూడోసారి ఆమె లైనింగు గుడ్డలో మూటకట్టి ఒక చెక్కముక్క పట్టుకొచ్చింది. అతని టేబులు మీద పెట్టి బొటనవేలితో నొక్కింది. ముక్క పొడిపొడిగా రాలిపోయింది.

"ఇదే అన్నయ్యా నేను కూర్చునే చోటు. మిషను తొక్కితే కింద నేలంతా ఊగుతోంది."

"దరఖాస్తుకు చెక్క జతపరచమని ఎవరు చెప్పారమ్మా? టేబులంతా పాడు చేశావు. ముందు రంగు నమూనా పట్రా, చూద్దాం."

"తెస్తాలే. అందాకా ఆ చెదపురుగులకి కూడా ఒక కొర్రీ వేసెయ్యి అన్నయ్యా. కాస్త ఆగుతాయి."

ఆఫీసంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. ఆమె రాలిన పొడినంతా అరచేత్తో పోగుచేసి, మళ్లీ అదే గుడ్డలోకి ఎత్తుకుని వెళ్లిపోయింది.

రంగు నమూనా ఫైలు చివర పిన్నుకు వేలాడుతోంది. నాలుగు వేళ్ల వెడల్పు రేకుముక్క, దాని మీద ముదురు గోధుమ రంగు. పాత చెక్క రంగుకు అచ్చు గుద్దినట్టు ఉంది. ఆమె ఇచ్చివెళ్లి రెండు నెలలైంది. అతను ఇప్పుడే చూస్తున్నాడు. సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా భయమేసింది.

మూడో కొర్రీ కాగితాన్ని ఫైల్లోంచి లాగాడు.

"అది తీసేస్తున్నారా సార్?" అన్నాడు గుమాస్తా.

"దూలం విరుగుతోంది మొర్రో అంటుంటే రంగు అడుగుతారటయ్యా? మనిషన్నవాడు వేసే కొర్రీనా ఇది?"

వేసింది ఎవరో ఇద్దరికీ తెలుసు. అధికారి కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు.

తర్వాత పెన్ను తీసి ఉత్తర్వు తనే రాశాడు. టైపు చేయించే ఓపిక లేదు. ఇనుప దూలాలకు అభ్యంతరం లేదు. పని వెంటనే మొదలుపెట్టాలి. పని పూర్తయ్యేదాకా బాల్కనీ మీదికి ఎవరూ వెళ్లరాదు. ఆ చివరి మాటల కింద రెండుసార్లు గీత గీశాడు. పద్దెనిమిదేళ్లలో అతను ఒక్క కొర్రీ కూడా లేకుండా రాసిన మొదటి ఉత్తర్వు అదే.

"ఇంటికి పంపాలా సార్?"

"ఫైల్లోనే ఉంచు. ముందు పెద్దసారు చూడాలి. రిజిస్టరులో నంబరు వెయ్యి."

నంబరు లేని ఉత్తర్వు ఆ ఆఫీసులో చిత్తుకాగితంతో సమానం. గుమాస్తా లావుపాటి రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. ఏ అవసరం ఎప్పుడొస్తుందోనని ప్రతి నెలాఖరునా ఒక నంబరు ఎదురుగా ఖాళీ వదలడం అతనికి మొదటినుంచీ అలవాటు. వేలికి తడి చేసుకుని పేజీలు తిప్పాడు.

"ఏ తేదీ వెయ్యమంటారు సార్?"

టైలరమ్మ ఆ బాల్కనీతో పాటు కూలి వీధిలో పడి చనిపోయింది ఈ నెల పన్నెండున కాబట్టి, అతను పోయిన నెల ముప్ఫై వెయ్యమన్నాడు.